కోదాడ నుంచి చెప్పకుండా వచ్చిన పొద్దున

మా వైపు ఇంట్లో ఒకరు పోతే, పెద్దకర్మ అయిన తర్వాత దగ్గరి చుట్టాలు వచ్చి మిగిలినవాళ్లను నిద్రకు తీసుకుపోతారు. వాళ్లింట్లో ఒక రాత్రి పడుకోవాలి. తెల్లవారకముందే లేచి, ఎవరికీ చెప్పకుండా వచ్చేయాలి. పోయొస్తానని అనకూడదు. వాళ్లూ వాకిలి దాకా వచ్చి సాగనంపరు. అది అయ్యేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదు. ఊరికీ ఊరికీ కొంత తేడా ఉంటుంది. మా ఇంట్లో జరిగింది ఇది.

ఎనభై ఆరు వానాకాలంలో నా భార్య పోయింది. అప్పుడు నేను సూర్యాపేటలో లైబ్రరీలో పనిచేస్తున్నాను. ఆమెకు మూత్రపిండాల జబ్బు. ఏడు నెలలు పట్నం దవాఖానకూ ఇంటికీ మధ్య తిరిగాం. మా బిడ్డకు ఎనిమిదేళ్లు. ఆ ఏడు నెలలూ దాన్ని కొన్నాళ్లు పక్కింట్లో, కొన్నాళ్లు మిర్యాలగూడలో మా అక్క దగ్గర ఉంచాను. తల్లి బతకదని చివరి రెండు నెలలూ నాకు తెలుసు. బిడ్డకు చెప్పలేదు. పెద్దవాళ్లెవరూ చెప్పమనలేదు కూడా.

మమ్మల్ని ఇద్దరినీ రెండు ఇళ్లకు నిద్రకు పిలిచారు. ముందు మిర్యాలగూడ, తర్వాత కోదాడలో మా అత్తగారిల్లు.

ఆ రోజుల్లో నేను ఒకచోట కూర్చోలేకపోయేవాణ్ని. లైబ్రరీలో సర్దిన పేపర్లే మళ్లీ సర్దేవాణ్ని. ఒక పుస్తకం తీసి నాలుగు పేజీలు చదివి పెట్టేసి ఇంకోటి తీసేవాణ్ని. మధ్యాహ్నం తాళం వేసి బస్టాండు దాకా నడిచి, ఏ పని మీద వచ్చానో తెలియక తిరిగి వచ్చేవాణ్ని. అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని నిలబడి తినేవాణ్ని. బిడ్డ నన్ను చూస్తూ ఉండేది. ఏమీ అడిగేది కాదు.

మిర్యాలగూడలో మా బావ ఒక రైసుమిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. వారానికి రెండుసార్లు భజనకు పోతాడు. ఇంట్లో టేప్‌రికార్డర్ ఉంది, దానికి పూల గుడ్డ కప్పి ఉంటుంది. మేం పోయిన సాయంత్రం కాళ్లు కడుక్కుని వచ్చి, గుడ్డ తీసి, ప్రవచనం క్యాసెట్ పెట్టాడు.

"ఏంది బామ్మర్దీ, జర కూసో. నీ కాళ్లెంబడి సూసి సూసి నాకు తల తిరుగుతంది."

"కూసుంటే ఊపిరాడతలేదు బావా."

"గందుకే గిది ఇను. ఆత్మకు సావు లేదంటుండు సూడు. పోయింది దేహమే. చెల్లె యాడికి పోలే."

"దేహంతోనే గద బావా నేను కాపురం చేసింది."

వంటింట్లో మా అక్క గిన్నె కింద పెట్టిన చప్పుడు వినబడింది. బావ నన్ను ఎగాదిగా చూశాడు. "అన్ని బుక్కులు సదివినోనివి, సావంటే ఏందో నీకు నేను చెప్పాల్నా? బుక్కులు మోసేటోనికి, బియ్యం బస్తా మోసేటోనికి ఏం ఫరక్ లేదన్నట్టు" అన్నాడు. వెక్కిరింతే, కానీ అతని కళ్లు తడిగా ఉన్నాయి. నా భార్య అతనికి ఏటా రాఖీ కట్టేది.

గడపలో కూర్చున్న నా బిడ్డ అప్పుడు నోరు తెరిచింది.

"మామయ్యా, ఆత్మకు ఆకలైతదా?"

"కాదు బిడ్డా."

"మరి పెద్దకర్మ నాడు అన్నం ఎందుకు పెట్టిర్రు? కాకి వచ్చేదాంక అందరు ఎదురు సూసిర్రు గద?"

బావ ఇంకా అయిపోని క్యాసెట్‌ను తీసి రెండో వైపు తిప్పాడు.

భోజనాల దగ్గర మా అక్క అసలు సంగతి ఎత్తింది. "తమ్మీ, ఆడపిల్ల. జడ ఏసుడు కాడికెల్లి అన్ని నేర్పాలె. నువ్వొక్కనివి ఎట్ల సాకుతవ్? ఏడాది మాసికాలు ఒడవనీ, మంచి సంబంధం సూస్తం." నేను కంచంలో చేయి కడిగి బయటికి వచ్చేశాను. వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగాను. మిల్లుల నుంచి ఉడికిన వడ్ల వాసన వస్తోంది.

మర్నాడు చీకటితోనే లేచి ఇద్దరం పెన్‌పహాడ్ మీదుగా పోయే మొదటి బస్సు ఎక్కాం. అత్తకు చెప్పలేదేమని బిడ్డ అడిగింది. చెప్పకూడదన్నాను. ఎందుకంటే, చెబితే మళ్లీ ఇలాంటి పని మీదే రావలసి వస్తుందంటారు అన్నాను. సూర్యాపేట వచ్చేదాకా అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాతి వారం కోదాడ పోయాం.

మా మామగారి గురించి కొంచెం చెప్పాలి. హైస్కూలు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పెళ్లయిన కొత్తలోనే మాకు పుస్తకాల మీద స్నేహం కలిసింది. నేను లైబ్రరీ నుంచి ఏదో ఒకటి తెచ్చేవాణ్ని, ఆయన చదివి అంచుల్లో పెన్సిలుతో రాసి ఇచ్చేవారు, నేను రబ్బరుతో చెరిపి బీరువాలో పెట్టేవాణ్ని. నలుగురిలో నన్ను "మీరు" అనేవారు. ఇద్దరమే ఉండి మాట వేదాంతంలోకి పోతే "నువ్వు" అనేవారు. మనసును ఎలా అదుపులో పెట్టుకోవాలి, మనిషి దుఃఖంలోంచి ఎలా పైకి లేస్తాడు, ఇలాంటివి గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లం. నా భార్య టీ గ్లాసులు తీసుకుపోతూ, "వీళ్లిద్దరికీ మోక్షం వచ్చినా ముందు చర్చ పెట్టి గానీ లోపలికి పోరు" అనేది.

ఆ సాయంత్రం ఆయన నన్ను హైవే వైపు నడకకు తీసుకుపోయారు. కూతురు పోయి నెల కూడా కాలేదు. ఆయన నడక మాత్రం ఎప్పటిలాగే ఉంది. లారీలు పోతుంటే ఆగి, పోయాక మాట్లాడేవారు.

"చూడవయ్యా. దుఃఖం వేరు, దుఃఖాన్ని వదలకుండా పట్టుకోవడం వేరు. నువ్వు రెండోది చేస్తున్నావు."

"నేను పట్టుకోలేదు మామయ్యా. అదే కూర్చోనివ్వడం లేదు."

"అదే నేననేది. నువ్వు కుదుటపడకుండా ఆ పిల్లను కుదుటపరచలేవు. ఈతరాని వాడు ఇంకొకర్ని ఒడ్డుకు ఎలా తెస్తాడు? ముందు నిన్ను నువ్వు చక్కదిద్దుకో. ఒక ఏడాది పిల్లను మా దగ్గర ఉంచు. ఇక్కడ బడి ఉంది, అమ్మమ్మ ఉంది. నువ్వు ఆదివారాలు రా."

ఆయన మాటలో తప్పు కనబడలేదు. వేరే సమయంలో ఎవరైనా ఇలా అంటే నేను రెండు ప్రశ్నలు వేసేవాణ్ని. ఆ రోజు ఒక్కటి కూడా వేయలేదు. నాకు కావలసింది అదే కాబట్టి వేయలేదు. బిడ్డను వదిలించుకోవాలని కాదు. అది నిద్ర లేచేసరికి నేను ఎదురుగా ఉండాల్సిన అవసరం తప్పితే చాలనిపించింది. దాన్ని ఆ సాయంత్రం వైరాగ్యం అనుకున్నాను.

అప్పటికి అదింకా పిల్లకు చెప్పలేదు. పొద్దున్నే చెబుదాం అన్నారు మామగారు. ఇంటికి వచ్చాక మా అత్తగారికి సంగతి చెప్పాం. ఆమె నాతో ఎప్పుడూ తలుపు పక్కన నిలబడి మాట్లాడుతుంది.

"పొద్దున్నే చెప్పడానికి కుదరదు బాబూ. నిద్రకు వచ్చారు కదా. మీరు చెప్పకుండానే వెళ్లాలి. కీడు ఈ ఇంట్లో వదిలేసి వెనక్కి చూడకుండా వెళ్లిపోవాలి. మా ఇల్లు మోస్తుందిలే. పిల్ల లేచాక నేను చెబుతాను."

పిల్ల గోడవారగా చాప మీద పడుకుని ఉంది. నిద్రపోయిందనే అనుకున్నాం.

మామగారు జీవితమంతా ఇలాంటి ఆచారాలను ఎగతాళి చేసిన మనిషి. రాహుకాలంలో బయల్దేరి ఊళ్లు తిరిగిన మనిషి. ఆ రోజు భార్యకు ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఇద్దరికీ ఆ ఆచారం బాగా పనికొచ్చింది. తెల్లవారకముందు లేచి, బిడ్డ కాళ్ల మీది నుంచి జారిన దుప్పటి సర్ది, చెప్పులు చేత్తో పట్టుకుని వాకిలి దాటాను.

మూడో రోజు కార్డు వచ్చింది, మామగారి దస్తూరి. "చిరంజీవి కులాసా. ఒక్కసారి కూడా ఏడవలేదు. బడిలో చేర్పించాను. ఆ వయసుకు మించిన నిబ్బరం."

ఆదివారం బట్టల సంచితో పోయాను. అది పరుగెత్తుకుని వస్తుందనుకున్నాను. గ్లాసుతో మంచినీళ్లు తెచ్చి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి రెండడుగులు వెనక్కి జరిగింది.

"బాగున్నారా నాన్నా?" అంది.

సూర్యాపేటలో నన్ను ఎప్పుడూ "నువ్వు" అనేది. కోదాడలో పిల్లలు పెద్దవాళ్లను మీరు అనడం నేర్చుకుంటారు, మాట కూడా ఆంధ్ర వైపు ఒరుగుతుంది, అందుకే అనుకున్నాను. ఆ పూటంతా అది నా దగ్గరికి రాలేదు. నేను అరుగు మీద కూర్చుంటే అది లోపలికి పోయింది. లోపలికి పోతే పెరట్లోకి పోయింది. నాలుగింటికి బయల్దేరుదామని చూస్తే, నేను గోడ దగ్గర విడిచిన చెప్పులు గేటు దగ్గర ఉన్నాయి. రెండూ జతగా, మొనలు రోడ్డు వైపుకు పెట్టి ఉన్నాయి.

రెండో ఆదివారం కూడా అంతే. మూడో ఆదివారం నేను కాపు కాసి చూశాను. బిడ్డే చెప్పులు తీసుకుపోయి పెట్టింది. మధ్యాహ్నం అన్నాలు కాగానే పెట్టింది.

నామీద కోపం అనుకున్నాను. అది న్యాయమే అనుకున్నాను. బస్సులో కూర్చుని ఆ కోపానికి జవాబులు తయారు చేసుకునేవాణ్ని. మునగాల దాటేసరికి ఒక్కటీ నిలిచేది కాదు.

మామగారికి మాత్రం వేరే అభిప్రాయం. "దానికి కోపం లేదయ్యా. పిల్ల ఎదిగింది. దేన్నీ అంటిపెట్టుకోవడం లేదు చూడు, అడగదు, మారాం చేయదు. పెద్దపెద్దవాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసినా రాని గుణం. నీకన్నా నయం."

నిజానికి నాకు కొంచెం అసూయ కలిగింది. ఇలా రెండు నెలలకు పైగా గడిచాయి.

దసరా తర్వాత ఒక ఆదివారం జ్వరంతోనే బస్సెక్కాను. ఇంట్లో ఒక్కణ్నే ఉండలేక ఎక్కాను. కోదాడలో దిగేసరికి ఒళ్లు కాలిపోతోంది. మామగారు అరుగు మీద ఏదో పుస్తకం తెరిచి, సుఖదుఃఖాలను సమానంగా చూడడం గురించి నా కోసం దాచిన ఒక పేజీ చదవబోయారు. నేను వినలేక లోపల మంచం మీద పడుకున్నాను. అత్తగారు నుదురు మీద వేసుకోమని తలుపు దగ్గరి నుంచే తడిగుడ్డ అందించి, జావ కాయడానికి పోయింది.

కళ్లు తెరిచేసరికి బిడ్డ మంచం పక్కన నిలబడి ఉంది. చేతుల్లో నా చెప్పులు ఉన్నాయి. ఇంటి లోపలికి చెప్పులు తెస్తే వాళ్ల అమ్మమ్మ ఊరుకోదని దానికి తెలుసు.

"నాన్నా, పోండి. సూర్యాపేటకు పోండి."

"జరం తగ్గినంక పోత బిడ్డా."

"కాదు. ఇప్పుడే పోండి. జల్ది." చెప్పులు నా పాదాలకు తొడగబోయింది. నేను చేయి పట్టుకున్నాను. విదిలించుకుని గోడకు ఆనుకుంది. అప్పుడు ఏడ్చింది. తల్లి పోయాక అది ఏడవడం నేను చూడడం అదే మొదలు.

"నన్ను ముట్టుకోకు. ముట్టుకుంటే నువ్వు గూడ పోతవ్."

ఆ మాట నాకు వెంటనే అర్థం కాలేదు. ఎవరన్నారు అలా అని అడిగాను.

"అమ్మమ్మనే అంది గద. కీడు ఈడ ఇడిసిపెట్టి పొమ్మంది. నువ్వు నన్ను ఇడిసిపెట్టి పోయినవ్."

"నువ్వు నిద్రపోయినవనుకున్న."

"పోలే. పొద్దుగాల గూడ మెలకువనే ఉన్న. నా కాళ్ల మీద దుప్పటి కప్పినవ్. కప్పి, ఎనకకు సూడకుండ పోయినవ్."

నేను లేచి కూర్చున్నాను. తల తిరిగింది. నా బీరువాల్లో దుఃఖం గురించి, ఆత్మ గురించి, మనసు గురించి ఎన్నో పుస్తకాలు ఉన్నాయి. వాటిలో ఒక్క వాక్యం కూడా నోటికి రాలేదు. వచ్చినా అప్పుడు అది వినేది కాదు.

"కీడంటే ఏందో నాకు తెల్వదు బిడ్డా. ఎవరికీ తెల్వదు. మీ అమ్మకు మూత్రపిండాలు పాడైనయ్. ఒంట్లె ఉన్న చెడును అవి బయటికి పంపాలె. పంపలే. అంతే."

"నావల్ల కాదా?"

"కాదు."

"నేను పుట్టినప్పుడు గూడ అమ్మకు బాగలేకుండె అని మిర్యాలగూడ అత్త చెప్పింది."

"అది వేరే. అది తగ్గింది. నీవల్ల కాదు."

"మరి నన్నెందుకు ఇడిసిపెట్టినవ్?"

"నాకు చేతకాలే."

"ఏం చేతకాలే?"

"అన్నం వండుడు, జడ ఏసుడు. నువ్వు అమ్మ గురించి అడిగితే చెప్పుడు."

"నేను అడగలే గద?"

"అడగలే. అడుగుతవేమోనని భయమైంది."

అది ముక్కు తుడుచుకుంది. తర్వాత, లెక్క సరిచూసే మనిషిలా ఒక్కొక్కటే అడిగింది.

"నువ్వు గూడ సస్తవా?"

"సస్త. ఎప్పుడో తెల్వదు. ఈ జరానికైతే సావ."

"అమ్మ సస్తదని నీకు ముందుగాల తెల్సా?"

అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. గదిలో ఇంకెవరూ లేరు. "తెల్సు. రెండు నెలల ముందే తెల్సు" అన్నాను.

"నేను ఆ రెండు నెలలు మిర్యాలగూడల ఉన్న."

"ఔ."

"చెప్తే నేను దవాఖానకు వచ్చేదాన్ని గద?"



తల ఎత్తేసరికి గుమ్మంలో మామగారు నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచో నాకు తెలియదు. పుస్తకం చేతిలోనే ఉంది, పేజీ మధ్య వేలు ఉంది. ఆయన వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయి భార్యకు ఏదో చెప్పారు. జావ గరిటె చేత్తోనే మా అత్తగారు వచ్చింది. అప్పటిదాకా తలుపు చాటు దాటి నా ఎదుటికి రాని మనిషి, నేరుగా వచ్చి పిల్లను పట్టుకుని కూలబడింది.

"ఓసి పిచ్చి తల్లీ! నేనన్నది నిన్ను కాదే! నువ్వు కీడేంటే, నా నోరు పడిపోను!"

తర్వాత మా ఇద్దరి వైపు తిరిగింది.

"ఇంత చదివారు. రోడ్డంతా నడుచుకుంటూ చెప్పుకున్నారు. ఈ పిల్లతో ఒక్క మాట చెప్పలేకపోయారా మీరిద్దరూ?"

"చెప్పకుండా వెళ్లమన్నది నువ్వే కదా" అన్నారు మామగారు, మెల్లగా.

"నేనన్నానూ! నలభై ఏళ్లుగా నా మాట ఏది విన్నారు మీరు? శకునం అంటే నవ్వారు, వారం అంటే నవ్వారు. ఇదొక్కటీ విన్నారా?"

మామగారు మంచం అంచున కూర్చున్నారు. కూతురు పోయినప్పటి నుంచి ఆయన నా ముందు ఏడవలేదు. ఆ రోజు ఏడ్చారు. చాలా వికారంగా, నోరు తెరిచి, చిన్నపిల్లవాడిలా ఏడ్చారు. బిడ్డ అమ్మమ్మ ఒడిలోంచి తల తిప్పి ఆయన్ను చూస్తూ ఉంది.

ఆ రోజే దాన్ని నాతో తీసుకుపోదామనుకున్నాను. నాకు అంతా తేలిపోయినట్టు అనిపించింది. సాయంత్రానికి జ్వరం కొంచెం తగ్గింది. బట్టలు సర్దుకో, పోదాం అన్నాను.

"ఇయ్యాల రాను" అంది.

"ఎందుకు?"

"నీకు జరం తగ్గుతదో లేదో సూస్త."

నేను వాదించలేదు. జ్వరం తగ్గింది. అయినా రాలేదు. తర్వాతి ఆదివారం నాకు మంచినీళ్లు చేతికిచ్చింది. ఆ తర్వాతి వారం నా పక్కన కూర్చుని అన్నం తిన్నది గానీ, నేను చేయి కడుక్కోవడానికి పోయినప్పుడు నా నడక తిన్నగా ఉందో లేదో చూస్తోంది. మా అత్తగారు ఈ మధ్యలో నా చేత పప్పూ చారూ చేయించింది. "ఇది మనుషులు తినేదేనా బాబూ?" అని తిడుతూ మళ్లీ చేయించింది. నవంబరు చివర్లో ఒక ఆదివారం పోయేసరికి, అడక్కుండానే సంచి సర్ది పెట్టుకుని ఉంది.

దాంతో అయిపోలేదు. ఒక మాట చెబితే తీరిపోయే సంగతి కాదని నాకు సూర్యాపేట వచ్చాకే తెలిసింది. పక్కింటి మేక చచ్చిపోతే బడి నుంచి వచ్చి అడిగింది, "నావల్లనా?" కాదు అన్నాను. మిర్యాలగూడలో బావకు బాయిలర్ దగ్గర చేయి కాలిందని తెలిస్తే అడిగింది. కాదు అన్నాను. మొదట్లో నాకు విసుగు వచ్చేది. ఇన్నిసార్లు చెప్పాను కదా అనాలనిపించేది. ఒకసారి అన్నాను కూడా. ఆ తర్వాత నాలుగు రోజులు అది నాకు దూరంగా పడుకుంది. అప్పటి నుంచి ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు, మొదటిసారి అడిగినట్టే అనుకుని జవాబు చెప్పడం నేర్చుకున్నాను.

ఏడో తరగతిలో ఉండగా తల్లి దవాఖాన కాగితాలు కావాలంది. ఇచ్చాను. డాక్టర్ల రాత మాకిద్దరికీ అర్థం కాలేదు. తెలిసిన కాంపౌండర్‌ను పిలిచి, వరసగా చదివించి, అర్థం రాసుకుంది. ఆ కాగితాన్ని తన లెక్కల నోటుపుస్తకంలో పెట్టుకుంది. ఆ తర్వాత అడగడం తగ్గించింది. నోటితో అడగకుండా నా వైపు చూసేది, అంతే. నేను తల అడ్డంగా ఊపేవాణ్ని.

నేను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. అందుకు కారణం త్యాగం కాదు. ఆ ఊసు వచ్చినప్పుడల్లా నాకు కాళ్లు ఒకచోట నిలిచేవి కావు, బయటికి పోయేవాణ్ని. చివరకు అక్క అడగడం మానేసింది.

మామగారూ నేనూ పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవడం ఆపలేదు. కానీ ఆయన ఒక పేజీ చదివి వినిపించాక, మునుపటిలా పొడిగించేవారు కాదు. "ఇది నిజమేనంటావా?" అని అడిగేవారు. నాకు తెలియదనే చెప్పేవాణ్ని.

తొంభై నాలుగు ఎండాకాలంలో ఆయన పోయారు. గుండెపోటు. ముందురోజు మధ్యాహ్నం దాకా మా బిడ్డ అక్కడే ఉంది, ఇంటర్ పరీక్షలు అయి అమ్మమ్మ దగ్గరికి పోయి నాలుగు రోజులుండి వచ్చింది. కబురు తెలిసి ఇద్దరం కోదాడ పోయేసరికి వాకిట్లో జనం ఉన్నారు. దానికి పదహారేళ్లు. నాకన్నా ముందు నడిచి గుమ్మంలో ఆగి, అంత జనంలోంచి నా కోసం వెతికింది. నేను పందిరి గుంజ పక్కన ఉన్నాను. చూసింది.

నేను తల అడ్డంగా ఊపాను.

అది చున్నీ నడుముకు బిగించుకుని, ఎండలో వచ్చినవాళ్లకు మంచినీళ్లు ఇవ్వడానికి కుండ దగ్గరికి పోయింది.